డ్రాప్‌డౌన్‌లో ఇంకా పాత లిస్టేనా?

ప్రశ్న: చిత్తూరులో సర్వే మ్యాపుల ఆఫీసులో పనిచేస్తున్నాను. మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆర్క్‌మ్యాప్‌లో మేము వాడే పైథాన్ యాడ్-ఇన్‌ (అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఒకటుంది. ఫోల్డర్‌లో కొత్త షేప్‌ఫైల్ (మ్యాపు డేటా ఫైల్) వేసినా కాంబోబాక్స్‌లో, అంటే డ్రాప్‌డౌన్ లిస్టులో, దాని పేరు రాదు. ఆర్క్‌మ్యాప్ మూసి తెరవాల్సిందే. యాడ్-ఇన్‌ను అందరి కోసం షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టుకున్నాం. ఏం చేయాలి?

జవాబు: ఇదే ఫిర్యాదు పదేపదే వస్తోంది. తప్పు మీది కాదండీ, యాడ్-ఇన్ రాసినవారిది. లిస్టు నింపే కోడ్‌ను ఇనిట్ (__init__) ఫంక్షన్‌లో పెట్టి వదిలేశారు. అది మొదట్లో ఒక్కసారే నడుస్తుంది. ఆ కోడ్‌ను ఆన్‌ఫోకస్ (onFocus) ఫంక్షన్‌లోకి మార్చండి, బాక్స్‌లోకి వచ్చినప్పుడూ వదిలి వెళ్లేటప్పుడూ అది నడుస్తుంది. ఫోకస్డ్ ట్రూ అయినప్పుడే, అంటే బాక్స్‌లోకి వచ్చినప్పుడే, ఫోల్డర్ చదివి, సెల్ఫ్ డాట్ ఐటమ్స్‌కు (self.items, బాక్స్‌లో కనిపించే పేర్లు) కొత్త లిస్టు ఇవ్వండి. ఆ షరతు పెట్టకపోతే బాక్స్ వదిలి వెళ్లేటప్పుడు కూడా ఫోల్డర్ అంతా మళ్లీ చదువుతుంది.

జిల్లా ఎంచుకుంటే పక్క బాక్స్‌లో మండలాలు మారాలంటే, మొదటి బాక్స్ ఆన్‌సెల్‌చేంజ్‌లో (onSelChange, ఎంపిక మారగానే నడిచే ఫంక్షన్) రెండోదాని ఐటమ్స్ మార్చి, పాత వాల్యూ ఖాళీ చేసి, దాని రిఫ్రెష్‌ను పిలవాలి. వాల్యూ తుడవకపోతే పైన చిత్తూరు, కింద తిరుపతి జిల్లాలోని చంద్రగిరి అలాగే నిలబడిపోతాయి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. శ్రీకాళహస్తి, సత్యవేడు అటు వెళ్లిపోయాయి. ఇప్పటికీ వాటిని చిత్తూరు కింద చూపించే లిస్టులు కనిపిస్తూనే ఉన్నాయి. ఊళ్ల పేర్లను కోడ్‌లో చేత్తో టైప్ చేసే అలవాటు మానరా? టేబుల్ నుంచి చదివితే ఈ బాధే ఉండదు కదా!

మీ షేర్డ్ ఫోల్డర్ మాట చదివాకే నాకు టెన్షన్ మొదలైంది. యాడ్-ఇన్ ఫైల్ అంటే జిప్ ఫైలే. పేరు చివర జిప్ అని మార్చి తెరవండి, ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో పైథాన్ కోడ్ మామూలుగా చదవడానికి దొరుకుతుంది. ఆ కోడ్‌కు మీ లాగిన్‌కు ఉన్న హక్కులన్నీ ఉంటాయి. మీరు తుడపగలిగిన ఫైల్‌ను అదీ తుడపగలదు, మీరు చూడగలిగిన సర్వే రికార్డును బయటికి పంపగలదు. ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు అందరికీ ఉంటే, ఎవరైనా అదే పేరుతో వేరే ఫైల్ పెట్టొచ్చు. మర్నాడు ఉదయం ఆర్క్‌మ్యాప్ తెరిచిన ప్రతి కంప్యూటర్‌లోనూ అదే లోడవుతుంది. ఒక్క హెచ్చరికా రాదు. ఇవాళే రాసే హక్కు ఒక్కరికి ఉంచి, మిగతావారికి చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. యాడ్-ఇన్ మేనేజర్ ఆప్షన్స్‌లో అన్నిటినీ అడ్డు లేకుండా లోడ్ చేసే సెట్టింగ్ తీసేసి, డిజిటల్ సంతకం ఉన్నవాటినే అనుమతించండి. మీ యాడ్-ఇన్‌కు కూడా సంతకం చేయించాల్సి వస్తుంది. చేయించండి.

ఇంకొకటి. ఈ యాడ్-ఇన్ నడిచేది పైథాన్ 2.7 మీద. దానికి 2020 జనవరి నుంచే మద్దతు లేదు. ఆర్క్‌మ్యాప్ మద్దతుకు కూడా 2026 మార్చి 1 ఆఖరు తేదీ. దాని స్థానంలో వచ్చిన ఆర్క్‌జీఐఎస్ ప్రో ఈ యాడ్-ఇన్‌లను తీసుకోదు. కాబట్టి ఫోల్డర్ చదివే భాగాన్ని ఇప్పుడే విడి ఫంక్షన్‌గా రాసుకోండి. రేపు ప్రోలో నడిచే పైథాన్ టూల్‌బాక్స్‌కు మారినప్పుడు అప్‌డేట్‌పారామీటర్స్ (updateParameters) ఫంక్షన్ నుంచి దాన్నే పిలిచి, డ్రాప్‌డౌన్‌లో కనిపించే ఫిల్టర్ లిస్టుకు ఇవ్వొచ్చు.