సమాధానం: ఇరవై తుంగ మొక్కలూ ఒకేలా ఉన్నాయంటే

టైగర్ నట్‌తో (తినే తియ్యటి గడ్డల కోసం పెంచే తుంగ రకం) సంకరం చేద్దామని ఒకే చేలోంచి ఇరవై అడవి తుంగ మొక్కలు తెచ్చాను, తేడానే కనబడట్లేదు అన్నారు కదండీ. టెన్షన్ వద్దు. తుంగ ఎక్కువగా గడ్డలతోనే పాకుతుంది కాబట్టి ఆ ఇరవై నిజానికి ఒకే మొక్క అయ్యుండొచ్చు.

ముందు ఒకటి పెళ్లగించి చూడండి. గడ్డలు పూసల్లా వరసగా ఉండి, కొరికితే చేదుగా ఉంటే అది మామూలు తుంగ, వేరే జాతి. భూమిలో పాకే కాడ చివర ఒక్కటే గడ్డ, అదీ తియ్యగా ఉంటేనే మీకు కావాల్సింది. దానికి సొంత పుప్పొడితో గింజ సరిగా కట్టదు. అందుకే దూరదూరపు ఊళ్ల నుంచి ఒక్కో మొక్కే తెచ్చి, కుండీలు పక్కపక్కనే పెట్టండి. కుండీలు మాత్రం గచ్చు మీదే ఉంచండి. గడ్డ చేలో పడిందంటే కలుపు తీయలేక చస్తాం.