మేత తింటూ రొప్పే పొట్టేలు

ప్రశ్న: మా నెల్లూరు జొడిపి జాతి పొట్టేలు ఊరికే నిలబడితే బాగానే ఉంటుంది, జొన్న చొప్ప వేయగానే గబగబా ఊపిరి తీస్తుంది. జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది సార్. (మహబూబ్‌నగర్ జిల్లా రైతు)

జవాబు: మీరు గమనించింది నిజమే, కంగారు పడకండి. తినడం గొర్రెకి ఒక పని. దవడలు ఆడాలి, లాలాజలం ఊరాలి, గుండె వేగంగా కొట్టుకోవాలి, వీటన్నిటికీ ఆక్సిజన్ కావాలి కాబట్టి ఊపిరి పెరుగుతుంది. ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది: తినడానికి అయ్యే ఈ శక్తి ఖర్చు ఎన్ని కిలోలు తిన్నదన్న దానికంటే ఎంతసేపు నమిలిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే పొడవాటి గట్టి చొప్పకి శ్రమ ఎక్కువ, అదే బరువు గుళికల దాణా అయితే త్వరగా అయిపోతుంది, శ్రమా తక్కువే. చొప్పని చిన్న ముక్కలుగా నరికి వేయండి, తేడా మీకే తెలుస్తుంది. పడుకుని నెమరు వేసేటప్పుడు ఇంత ఖర్చుండదు.

చల్లటి పూట నీడలో గొర్రె నిమిషానికి సుమారు 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది, ఎండలో వంద దాటడమూ ఉంది. మేత పులిసేటప్పుడు కడుపులో పుట్టే వేడి దానికి తోడవుతుంది, అందుకే వేసవిలో మధ్యాహ్నం మేత మానేసి తెల్లవారుజామున, సాయంత్రం వేయండి, నీళ్లు ఎప్పుడూ ఉంచండి.

అయితే తినడం ఆపాక, నీడలో కూడా నోరు తెరిచి రొప్పుతున్నా, ముక్కు కారుతున్నా, ఎడమ డొక్క ఉబ్బినా అది వేరే సంగతి. వెంటనే పశువైద్యుడికి చూపించండి.