ప్లాటినం ఉంది కదా, మరి కన్వర్టర్ ఎలా పోయింది?

పటమట నుంచి ఒక పాఠకుడు రాశారు: "సార్, నా పెట్రోల్ కారుకు పదకొండేళ్లు. చెక్ ఇంజిన్ లైటు ఆగకుండా వెలుగుతోంది. ఆటోనగర్‌లో స్కాన్ చేయిస్తే పీ0420 కోడ్ వచ్చింది, అంటే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదట, కన్వర్టర్ పోయింది మార్చాలి అన్నారు. విప్పి చూస్తే లోపల జాలీ చెక్కుచెదరలేదు. పైగా ప్లాటినం ఉంటుందని పాత సామాను కొనేవాళ్లు దానికి మంచి రేటు ఇస్తామంటున్నారు. లోహం ఉన్నాక పనిచేయకపోవడం ఏంటి? పెట్రోల్లో పోసే క్లీనర్ డబ్బా వాడితే బాగవుతుందా?"

మీకొచ్చిన అనుమానం చాలా మంచిది. ప్లాటినం ఎక్కడికీ పోలేదు, రేణువుల సైజు పెరిగింది, అంతే. ఆ పింగాణీ జాలీ కన్నాలు ఒక్కోటి మిల్లీమీటరు ఉంటాయేమో, వాటి గోడలకు అల్యూమినా పూత వేసి, అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం రేణువులను కొద్ది నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) సైజులో చల్లినట్టు ఉంచుతారు. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ వచ్చి తగిలేది రేణువు పైనున్న పరమాణువులకే, లోపల కూరుకుపోయిన పరమాణువు ఉన్నా లేనట్టే.

ఒక గ్రాము ప్లాటినాన్ని 3 నానోమీటర్ల రేణువులుగా చేస్తే మొత్తం ఉపరితలం దాదాపు 1000 చదరపు అడుగులు వస్తుంది, అంటే ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటంత. అదే గ్రాము 30 నానోమీటర్ల రేణువులైతే 100 చదరపు అడుగులే, ఆ ఫ్లాటులో ఒక చిన్న గది. 3 నానోమీటర్ల రేణువులో దాదాపు మూడో వంతు పరమాణువులు పైన ఉంటాయి, 30 దగ్గర నూటికి నాలుగు కూడా ఉండవు. పాత సామాను కొనేవాళ్లు కరిగించి బరువు చూసుకుంటారు కాబట్టి వాళ్లకు ఆ గ్రాము విలువ ఏమీ తగ్గదు, మీ ఇంజిన్‌కు మాత్రం ఫ్లాటు పోయి గది మిగిలింది.

రేణువులు ఎందుకు పెరుగుతాయంటే, వేడి. వేడి చారు మీద నూనె చుక్కలు చూడండి, విడివిడిగా తేలుతూ తేలుతూ ఒకదాన్నొకటి తాకి పెద్ద చుక్కలవుతాయి. ఏళ్ల తరబడి వందల డిగ్రీల్లో లోహ రేణువులదీ అదే కథ, పైగా చిన్న రేణువు నుంచి పరమాణువులు ఊడి పక్కనున్న పెద్దదానికి అంటుకోవడం కూడా జరుగుతుంది. స్పార్క్ ప్లగ్ సరిగ్గా కొట్టక ఇంజిన్ మిస్ అవుతుంటే కాలని పెట్రోలు కన్వర్టర్లోకి వెళ్లి అక్కడ మండుతుంది, అప్పుడు వేడి 1000 డిగ్రీలు దాటొచ్చు, ఏళ్లలో జరగాల్సిన నష్టం కొద్ది రోజుల్లో జరిగిపోతుంది.

అందుకే క్లీనర్ డబ్బా వద్దు. అది మసిని కాస్త కడగొచ్చేమో కానీ, కలిసిపోయిన రేణువులను విడదీయలేదు. అయితే కన్వర్టర్ కొనేముందు దాని వెనక ఉండే ఆక్సిజన్ సెన్సర్, దాని ముందు పైపులో ఎక్కడైనా లీకేజీ, ప్లగ్గులు, కాయిల్స్ ఈ నాలుగూ తప్పకుండా చూపించండి, ఎందుకంటే అదే కోడ్ లీకేజీ వల్లా, సెన్సర్ వల్లా కూడా రావచ్చు, ఇక మిస్సింగ్ బాగుచేయకుండా కొత్తది పెడితే దాన్నీ చేజేతులా కాల్చుకున్నట్టే. మార్చకుండా ఖాళీ పైపు వేసేస్తాం అనేవాళ్ల మాట మాత్రం దయచేసి వినకండి, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర మీ వెనక ఆగిన బండి మీద పిల్లలు ఉంటారు.

గుంటూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న సరిగ్గా దీనికి అతుకుతుంది: "ప్రాజెక్టులో లోహ రేణువులు తయారుచేస్తున్నాం. చిన్నవైతే మంచిదే కదా, ఒక నానోమీటరు దాకా తగ్గించేయొచ్చా?"

అన్నిసార్లూ కాదమ్మా. బంగారం సంగతి నీకు తెలిసే ఉంటుంది, నగలో ఉన్నంతసేపూ దాదాపు దేనితోనూ చర్య జరపని లోహం, కానీ 5 నానోమీటర్ల లోపు రేణువులుగా ఆక్సైడ్ మీద ఉంచితే సున్నా డిగ్రీల కన్నా బాగా కిందనే కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరణం చేస్తుందని జపాన్ శాస్త్రవేత్త మసతకే హరుత బృందం 1987లో చూపించింది. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే ఫలితం అది. కానీ హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌లో ఆక్సిజన్‌తో పని చేసే ప్లాటినం 3 నానోమీటర్ల దగ్గర బాగుండి, 2 కన్నా తగ్గితే నీరసపడుతుంది. రేణువు చిన్నదయ్యేకొద్దీ మూలల్లో, అంచుల్లో ఉండే పరమాణువుల వాటా పెరుగుతుంది, అవి ఆక్సిజన్‌ను మరీ గట్టిగా పట్టుకుని వదలవు, వదలకపోతే తర్వాతి అణువుకు చోటేదీ? అమోనియా తయారీలో రుథేనియం కథ వేరు, అక్కడ కొన్ని పరమాణువులు మెట్టులా అమరిన చోటే నైట్రోజన్ విడిపోతుంది, రేణువు మరీ చిన్నదైతే ఆ మెట్టుకు చోటే ఉండదు.

కాబట్టి ముందు నీ చర్య ఏదో గైడ్‌తో కూర్చుని తేల్చుకో. ఇంకో మాట, చిన్న రేణువులే తొందరగా కలిసిపోతాయి, కాబట్టి తయారుచేసిన రోజు తీసిన టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) ఫొటోతో ఆగిపోకు. చర్య అయ్యాక అదే పొడిని మళ్లీ పెట్టి ఇంకో ఫొటో తీయించు, రిపోర్టులో రెండూ పక్కపక్కన పెట్టు.