బెడ్‌రూమ్ టీవీకి యాప్‌లున్న డిస్క్ ప్లేయర్ తీసుకోవాలా, రెండూ విడివిడిగానా?

మీరు అడిగింది ఇది: బెడ్‌రూమ్‌లో 32 అంగుళాల మామూలు టీవీ ఉంది, దాచుకున్న డీవీడీలు, కొన్ని బ్లూరేలు ఉన్నాయి. ప్లేయర్‌లోనే నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ కూడా వచ్చేస్తే ఒక్క పెట్టెతో పనైపోతుంది, తక్కువ ఖర్చులో ఏది మంచిది అని.

సూటిగా చెప్తాను. ప్లేయర్‌ని డిస్కుల కోసమే కొనండి. యాప్‌లకి టీవీ వెనక పెట్టుకునే స్టిక్ వేరేగా తీసుకోండి. యాప్‌లున్న మోడల్ కోసం అదనంగా పెట్టే డబ్బు స్టిక్ మీద పెడితేనే ఎక్కువ కాలం పనికొస్తుంది.

ఎందుకంటే ప్లేయర్‌లో డిస్క్ చదివే భాగానికీ యాప్ నడిపే భాగానికీ ఆయుష్షు ఒకటి కాదు. 2006లో వచ్చిన బ్లూరే ఇవాళ్టి ప్లేయర్‌లోనూ ఆడుతుంది, ఆ పద్ధతి మారలేదు. యాప్ అలా కాదు. అవతల సర్వర్ వైపు ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది, దానికి తగ్గట్టు ఇవతల ప్లేయర్ సాఫ్ట్‌వేర్ కూడా మారాలి. ఈ ప్లేయర్లలో చిప్, మెమరీ మొదట్నుంచీ చిన్నవే, పైగా కొన్నేళ్లకి కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తుంది. 2019 డిసెంబర్ 1 నుంచి కొన్ని పాత పరికరాల్లో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది ఇలాంటి కారణంతోనే. కంపెనీలు కూడా ఈ రంగంలోంచి తప్పుకున్నాయి: 2018లో ఒప్పో, 2019లో సామ్‌సంగ్. కాబట్టి అట్టపెట్టె మీద అచ్చేసిన యాప్ లోగోలు ఆ మోడల్ బయటికొచ్చిన నాటి సంగతి చెప్తాయి, మీరు కొనే నాటి సంగతి కాదు. చక్కగా పనిచేస్తున్న లేజర్ పక్కన చచ్చిపోయిన యాప్ ఉండటం చాలా మామూలు.

అయినా ఒకే పెట్టె కావాలంటే? టీవీకి ఒక్కటే హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నప్పుడు అలా అనిపించడం సహజమే. దానికైతే చిన్న హెచ్‌డీఎంఐ స్విచ్ సరిపోతుంది. ఒకే పెట్టె అనే గట్టిగా అనుకుంటే మటుకు మోడల్ నంబర్ చూసి కొనండి, పేరు చూసి కాదు. ఉదాహరణకి సోనీ బీడీపీ-ఎస్1700, ఎస్3700 పైకి దగ్గరదగ్గరగానే కనిపిస్తాయి. ఎస్1700లో వైఫై లేదు, ల్యాన్ కేబుల్ లాగాల్సిందే. ఎస్3700లో వైఫై లోపలే ఉంది. ఏ కంపెనీదైనా ‘వైఫై రెడీ’ అని రాసుంటే వైఫై ఉందని కాదు, దానికి సరిపోయే డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న వైఫై పరికరం) వేరేగా కొనాలని. పాత మోడల్‌కి ఆ డాంగిల్ దొరకడం ఇంకో తిప్పలు. మీరు రోజూ వాడే యాప్ తెరుచుకుని, లాగిన్ అయ్యి, వీడియో ఆడేదాకా చూశాకే డబ్బులివ్వండి. హోమ్ స్క్రీన్ మీద బొమ్మ కనిపించినంత మాత్రాన యాప్ పనిచేస్తున్నట్టు కాదు. ఉత్త డీవీడీ ప్లేయర్లలో యాప్‌ల కోసం వెతికి టైమ్ పోగొట్టుకోకండి. బ్లూరే ప్లేయర్ డీవీడీలని కూడా ఆడిస్తుంది.

4కె ప్లేయర్ మీకు అక్కర్లేదు. 32 అంగుళాల టీవీల్లో చాలావాటి రిజల్యూషన్ 1366×768, బ్లూరే ఇచ్చే 1920×1080నే అది పూర్తిగా చూపించలేదు.

కొనేముందు టీవీ వెనక్కి ఒక్కసారి చూడండి. ఎరుపు, తెలుపు, పసుపు ఏవీ సాకెట్లు మాత్రమే ఉండి హెచ్‌డీఎంఐ లేకపోతే కొత్త బ్లూరే ప్లేయర్ ఏదీ దానికి పనికిరాదు. కాపీ రక్షణ నిబంధనల వల్ల 2013 తర్వాత తయారైన ప్లేయర్లలో అనలాగ్ వీడియో అవుట్‌పుట్ పూర్తిగా తీసేశారు. హెచ్‌డీఎంఐని ఏవీకి మార్చే చవక కన్వర్టర్లు అమ్ముతారు గానీ, ఆ కాపీ రక్షణ వల్లే నల్ల స్క్రీన్ మిగిలే అవకాశం ఉంది. రీజియన్, అంటే డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే కోడ్, కూడా చూసుకోండి. బ్లూరేలకి ఏ, బీ, సీ అని మూడు, డీవీడీలకి 1 నుంచి 6 దాకా ఉంటాయి. ప్లేయర్ వెనక గుర్తులో ఉన్న అక్షరం, అంకె మీ డిస్కుల అట్ట మీదున్న వాటితో కలవాలి.

ఇక ఖర్చు తగ్గాలంటే అసలు దారి వాడిన ప్లేయర్. యాప్‌లు పోయిన ప్లేయర్‌ని జనం తక్కువకే వదిలించుకుంటారు, మనకి కావలసిన డిస్క్ భాగం మాత్రం అందులో బాగానే ఉంటుంది. పరీక్షించకుండా తీసుకోకండి. మూడు డిస్కులు వెంట పట్టుకెళ్లండి: ఒక సీడీ, ఒక డీవీడీ, ఒక బ్లూరే. ఒక్కటి ఆడితే మిగతావీ ఆడతాయనుకోవద్దు. లేజర్ తరంగదైర్ఘ్యం సీడీకి 780 నానోమీటర్లు, డీవీడీకి 650, బ్లూరేకి 405, అంటే మూడింటికీ లేజర్ కాంతి వేరు. డీవీడీ హాయిగా ఆడుతూ బ్లూరే పెట్టగానే ‘డిస్క్ చదవలేకపోతున్నాం’ అని వస్తే నీలి లేజర్ బలం తగ్గిందనో, లెన్స్ మీద దుమ్ము పట్టిందనో అర్థం. దుమ్మైతే లెన్స్ శుభ్రం చేసే డిస్క్‌తో పోవచ్చు, లేజర్ అయితే ఆ బేరం వదిలేయండి.

సినిమా మొదట్లో రెండు నిమిషాలు చూసి బాగుందనుకోకండి. సగం దాటాక ఉన్న చాప్టర్‌కి దూకి ఐదు నిమిషాలు ఆడనివ్వండి. పెద్ద సినిమాల డీవీడీలు, బ్లూరేలు చాలావరకు రెండు పొరలవి (8.5 జీబీ, 50 జీబీ). అరిగిన యంత్రం రెండో పొరకి మారేచోటే తడబడుతుంది: బొమ్మ గడులుగడులుగా విడిపోతుంది, లేదా అక్కడే నిలిచిపోతుంది. ట్రేని కూడా నాలుగైదుసార్లు తెరిచి మూయండి. సగం వచ్చి ఆగినా, చేత్తో లాగాల్సి వచ్చినా లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది. అది చిన్న రిపేరే, ఆ మేరకు ధర తగ్గించమనొచ్చు. బెడ్‌రూమ్‌కి కాబట్టి టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి, డిస్క్ తిరిగే చప్పుడు, ఫ్యాన్ ఉంటే దాని చప్పుడు వినండి. దుకాణం రద్దీలో వినపడని గరగర రాత్రిపూట మంచం దాకా వినిపిస్తుంది.

ఇంటికి తెచ్చాక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. ఇది యాప్‌ల కోసం కాదు, కొత్త బ్లూరేల కాపీ రక్షణ తాళాలు పాత సాఫ్ట్‌వేర్‌కి తెలియకపోవచ్చు కాబట్టి. నెట్ లేకపోతే కంపెనీ సైట్ నుంచి ఫైల్ దించుకుని, ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌తో ఎక్కించొచ్చు. మధ్యలో కరెంటు తీయకూడదు. సెట్టింగ్స్‌లో బీడీ-లైవ్ (డిస్క్ నెట్ నుంచి అదనపు విషయాలు తెచ్చుకునే సదుపాయం) ఆపేయండి, కొన్ని డిస్కులు దానివల్లే మొదలవడానికి అంతసేపు తీసుకుంటాయి.

స్టిక్ విషయంలో జనం చేసే పొరపాటు ఒకటుంది: దానికి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వడం. టీవీ పోర్టు చాలావాటిలో అర ఆంపియరే ఇస్తుంది, స్టిక్‌కి అంతకన్నా ఎక్కువ కావాలి. ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంటే కారణం మొదట అక్కడే వెతకండి. దాంతోపాటు వచ్చిన అడాప్టరే వాడండి. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ పెట్టెలు చవగ్గా కనిపిస్తాయి గానీ, వైడ్‌వైన్ ఎల్1 అనే కాపీ రక్షణ స్థాయి లేకపోతే నెట్‌ఫ్లిక్స్ వాటిలో హెచ్‌డీ ఇవ్వదు, డీవీడీ స్థాయి బొమ్మతోనే సరిపెట్టుకోవాలి. నెట్ వేగం 1080పీకి 5 ఎంబీపీఎస్ చాలు.

చివరిగా శబ్దం. ప్లేయర్ ఆడియో సెట్టింగ్‌లో ‘బిట్‌స్ట్రీమ్’ బదులు ‘పీసీఎం’ పెట్టండి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోవడానికి, డిస్కులో డీటీఎస్ అనే పద్ధతిలో ఉన్న ఆడియో టీవీకి అర్థంకాకపోవడం ఒక కారణం. పీసీఎం పెడితే ఆ ఆడియోని ప్లేయరే విప్పి, టీవీకి అర్థమయ్యేలా పంపుతుంది. అక్కడే ‘డీఆర్‌సీ’ అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. మాటలు గొణిగినట్టు, పేలుళ్లు చెవులు పగిలేట్టు ఉండే తేడా తగ్గుతుంది, రాత్రిపూట పక్కన పడుకున్నవాళ్లకి నిద్ర చెడకుండా మాటలు మీకు వినపడతాయి.