సిలబస్‌లో లేని పుస్తకాలు మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతోంది. మావారు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. ఇంటికి వస్తే చాలు, బొగ్గు గనుల చరిత్ర, ధ్రువ యాత్రలు, రాజ్యాంగ సభ చర్చలు అంటూ సిలబస్‌తో సంబంధం లేని పుస్తకాలు ముందేసుకుంటుంది. నీట్ దెబ్బతింటుందని భయంగా ఉంది. మాన్పించాలా?
– ఒక తల్లి, భూపాలపల్లి

జవాబు: మాన్పించకండమ్మా. నీట్‌లో రాజ్యాంగ సభ గురించి ఒక్క ప్రశ్న కూడా రాదు, నిజమే. ఫిజిక్స్ లెక్కలకూ ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రానికీ ఇవ్వాల్సిన సమయం ఇవ్వాల్సిందే. అవి ముగించాక కూడా పిల్ల మరో పుస్తకం తెరుస్తోందంటే అది సంతోషించాల్సిన సంగతి. పైగా తను ఎంచుకున్నవాటిలో రెండు మీ ఊళ్లోనే కలుస్తాయి.

మీవారు పనిచేసే గనిలోని బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవుల అవశేషం. ఆ అడవుల్లో విరివిగా పెరిగిన చెట్టు గ్లాసోప్టెరిస్. నాలుకలా పొడవుగా ఉండే దాని ఆకు అచ్చులు గోదావరి లోయలో బొగ్గు పొరల నడుమ రాళ్లలో కనిపిస్తాయి. మధ్యలో మందమైన ఈనె, దానికి ఇరువైపులా వల అల్లినట్టు సన్నని ఈనెలు. ఇక ధ్రువ యాత్రకు వద్దాం. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ బ్రిటిష్ యాత్రికుడు కెప్టెన్ స్కాట్ బృందం మంచులో ప్రాణాలు విడిచింది. ఆకలితో, చలితో అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలోనూ వాళ్లు దాదాపు 16 కిలోల రాళ్లను బండి మీంచి పారేయలేదు. ఆ రాళ్లలో గ్లాసోప్టెరిస్ ఆకులున్నాయి.

మంచు తప్ప మరేమీ లేని అంటార్కిటికాలో మన గోదావరి లోయ చెట్టు ఎలా మొలిచింది? ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండి, తర్వాత విడిపోయాయని అదే 1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ ప్రతిపాదించాడు. ఆయనది వాతావరణ శాస్త్రం. అట్లాంటిక్ సముద్రానికి రెండు వైపులా ఒకే రకం శిలాజాలు దొరుకుతున్నాయన్న వ్యాసం గ్రంథాలయంలో కంటపడితే, మన రంగం కాదులే అని వదిలేయలేదు. భూగర్భ శాస్త్రజ్ఞులు చాలామంది ఆయన మాట కొట్టిపారేశారు. 1960లలో సముద్రగర్భం నుంచి ఆధారాలు వచ్చాకే లోకం ఒప్పుకుంది.

గని, ధ్రువ యాత్ర, ఖండాల కదలిక. ఈ మూడూ మూడు వేర్వేరు పుస్తకాల్లో ఉంటాయి, చదివేవాళ్ల బుర్రలోనే ఒకచోట చేరతాయి. అలా చేరినప్పుడు పిల్లల ముఖంలో కనిపించే సంబరం టెస్టులో ర్యాంకు వచ్చినప్పుడు కూడా నాకు కనిపించలేదు.

ఉపయోగం సంగతి కూడా చెబుతాను. న్యాయ విద్యకు రాసే క్లాట్‌లో ప్రశ్నలు పొడవైన పేరాలు చదివి జవాబులు గుర్తించేవే. గ్రూప్-1 మెయిన్స్‌లో వ్యాసాల పేపర్ ఉంది. జియాలజీలో పీజీ చేసినవారు యూపీఎస్సీ పరీక్ష ద్వారా జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరవచ్చు. అయితే ఇవన్నీ ఇప్పుడే పిల్ల ముందు పెట్టకండి. ప్రతి పుస్తకానికీ ఒక ఉద్యోగం ముడిపెడితే ఆ చదువూ సిలబస్ అయిపోతుంది.

‘ఎలాగూ చదువుతోంది కదా’ అని జీకే గైడ్లు కొనివ్వకండి. వాటిలో జవాబులే తప్ప కథ ఉండదు. నచ్చని పుస్తకం సగంలో వదిలేసినా కోప్పడకండి. బొగ్గుకు పైనా కిందా ఏ రాయి తగులుతుందో వాళ్ల నాన్నను చెప్పమనండి, పుస్తకంలో చదివినదానితో పోల్చి చూసుకుంటుంది. హనుమకొండలో 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది. ఒకసారి మీరే దగ్గరుండి తీసుకెళ్లి చూపించండి. హాస్టల్లో ఇలాంటి పుస్తకాలు ఉంచుకోనివ్వకపోతే వార్డెన్‌తో మాట్లాడి, పడుకునే ముందు అరగంటైనా చదువుకునేలా ఒప్పించండి.