రెండు జతల స్పీకర్లు విన్నాక ఏది కొనాలో ఎలా తేల్చుకోవాలి?

బెంగళూరు షోరూమ్‌లో రెండు జతలు విన్నాను, రెండోది బాగుంది, తీసుకోనా అని అడిగారు కదా. ఆగండి. రెండింటి సౌండూ సమానంగా పెట్టి విన్నారా? సెన్సిటివిటీ (అంటే ఒకే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 87 డెసిబెల్స్ ఉన్నదాన్నీ 90 ఉన్నదాన్నీ ఒకే వాల్యూమ్ మీద పెడితే రెండోది గట్టిగా మోగుతుంది, గట్టిగా మోగేదే బాగుందని చెవి నమ్మేస్తుంది, నిజానికి ఆ 3 డెసిబెల్స్ తేడా పోవాలంటే మొదటిదానికి రెట్టింపు పవర్ ఇవ్వాలి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని, మీరు కూర్చునే చోటే, పింక్ నాయిస్‌తో (జలపాతం హోరులా ఒకే తీరుగా మోగే పరీక్ష శబ్దంతో) రెండూ సమానం చేయించండి.

మీకు బాగా అలవాటైన రికార్డింగులే తీసుకెళ్లండి. నేనైతే మృదంగం వింటాను. ఎడమ చేతి గుమ్కీ (ఆ వైపు పలికే లోతైన నాదం) గుండ్రంగా మోగి ఆగుతోందా, బుయ్యిమని సాగుతోందా అన్నది అర నిమిషంలో తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం మీ హాలు. షోరూమ్‌లో మందపాటి కార్పెట్, మన ఫ్లాట్లలో నున్నటి టైల్స్, బాల్కనీకి గాజు తలుపు. మారతహళ్లిలో మా ఇంట్లో గోడకు ఆనించి పెడితే బేస్ ఉబ్బిపోయి గొంతులే మునిగిపోయాయి, రెండడుగులు ముందుకు జరిపి కింద తివాచీ వేస్తేగానీ తేరుకోలేదు. అందుకే అడ్వాన్స్ ఇచ్చేముందు హోమ్ డెమో గట్టిగా అడగండి.