లిన్న అంటే కోట, లిన్ అంటే పట్నం: ఈ జంటను తెలుగులో ఏమనాలి?

సందేహం: మా అమ్మాయి ఫిన్లాండ్‌లో చదువుతోంది. అక్కడ ‘లిన్న’ అంటే కోట అట. సముద్రం దాటి ఎస్తోనియా వెళ్తే ‘లిన్’ అంటే పట్నం అట. ఇలాంటి మాటలను నానార్థాలు అనాలా, ప్రకృతి–వికృతులు అనాలా? ఎస్తోనియా రాజధాని ‘టాలిన్’ పేరులో ఉన్నదీ ఈ ‘లిన్’ అయితే, ‘టాలిన్ నగరం’ అని రాయడం తప్పా?

సమాధానం: నానార్థాలు కావు, ప్రకృతి–వికృతులూ కావు. ఒక భాషలో ఒక మాటకు పలు అర్థాలుంటేనే నానార్థాలు. ప్రకృతి–వికృతి అనాలంటే ఇచ్చిన భాష ఒకటి, పుచ్చుకున్న భాష ఒకటి ఉండాలి. అగ్ని నుంచి అగ్గి వచ్చినట్టు. ఫిన్నిష్ ‘లిన్న’ ఎస్తోనియన్‌కు అప్పు ఇవ్వలేదు, అక్కడి నుంచి తెచ్చుకోనూ లేదు. రెండూ ఒకే తల్లి భాష నుంచి వారసత్వంగా వచ్చినవి. వీటిని జ్ఞాతి పదాలు అనండి. కన్నడంలో ‘అవ్వ’ అంటే అమ్మ, మనకు నాయనమ్మో అమ్మమ్మో. ‘లిన్న’, ‘లిన్’ల సంబంధం సరిగ్గా అలాంటిదే.

ఈ కుటుంబానికి పండితులు ఊహించిన మూలరూపం ‘లిత్న’. తూర్పున, రష్యాలోని వెప్స్ భాషలో ఇప్పటికీ ‘లిద్న్’ అంటారు. పాత హల్లు జాడ అక్కడ మిగిలింది. ఫిన్నిష్, ఎస్తోనియన్, కరేలియన్ భాషల్లో ఆ హల్లు పక్కనున్న ‘న’కారంలో కలిసిపోయి ‘న్న’ అయింది. మన ‘పండ్లు’ నోట్లో ‘పళ్లు’ అయినట్టే: రెండు వేరు హల్లులు ఒకే హల్లుగా, ద్విత్వంగా మారాయి.

అర్థంలో పాతది కోట. కోట చుట్టూ ఇళ్లు, అంగళ్లు లేచాక ఆ మాట మొత్తం ఊరికి పాకింది. ఎస్తోనియన్‌లో ‘లిన్’ పూర్తిగా పట్నం అయిపోయింది. పాతకాలపు కోటను చెప్పడానికి దాని నుంచే పుట్టిన ‘లిన్నుస్’ అనే వేరే మాట వాడతారు. కరేలియన్‌లోనూ, వెప్స్‌లోనూ అర్థం పట్నమే. ఒక్క ఫిన్నిష్‌లోనే ఈ మాట కోట దగ్గర నిలిచింది. కారణం ఉంది: పట్నం అనే చోటును ‘కౌపుంకి’ ఆక్రమించింది. అది పాత స్వీడిష్ నుంచి వచ్చిన మాట, దాని మొదటి భాగంలో ఉన్నది వర్తకం. ఫిన్లాండ్ 1809 దాకా స్వీడన్ ఏలుబడిలో ఉన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. మన ఊళ్ల పేర్లలో కోటలూ ఉన్నాయి, పేటలూ ఉన్నాయి. ఎస్తోనియన్లు పట్నాన్ని కోట మాటతో పిలిస్తే, ఫిన్నులు పేట లాంటి మాటతో పిలిచారు.

అయినా ఫిన్లాండ్ ఊళ్ల పేర్లలో ‘లిన్న’ కనిపిస్తుంది. సవొన్‌లిన్న అనే పట్నం 1475లో మొదలుపెట్టిన ఒలవిన్‌లిన్న కోట పక్కన పెరిగింది. అక్కడి మనిషికి ఒలవిన్‌లిన్న ‘లిన్న’, సవొన్‌లిన్న మాత్రం ‘కౌపుంకి’. వాడుక భాషలో ‘లిన్న’కు జైలు అని కూడా అర్థం ఉంది, మనవాళ్లు జైలును శ్రీకృష్ణ జన్మస్థానం అన్నట్టు. కోట, జైలు రెండూ ఒక్క ఫిన్నిష్‌లోనివే కాబట్టి నానార్థాలు అనే మాట ఇక్కడ చెల్లుతుంది.

మీ అమ్మాయి తడబడేది అర్థం దగ్గర కంటే విభక్తి దగ్గర కావచ్చు. ఫిన్నిష్‌లో ప్రథమ ‘లిన్న’, షష్ఠి ‘లిన్నన్’, ‘కోటలో’ అనడానికి ‘లిన్నస్స’. ఎస్తోనియన్‌లో ప్రథమ ‘లిన్’, షష్ఠి ‘లిన్న’, ‘పట్నంలో’ అనడానికి ‘లిన్నస్’. ఇలాంటి మాటల్లో పదం చివరి అచ్చు ఎస్తోనియన్‌లో రాలిపోయింది. షష్ఠిలో ఆ అచ్చు తరవాత ‘న్’ కాపలా ఉండటం వల్ల అది బతికింది. తరవాత ‘న్’ కూడా పోయింది. కాబట్టి ఫిన్నిష్ ప్రథమ, ఎస్తోనియన్ షష్ఠి ఒకేలా కనిపిస్తాయి. ఎస్తోనియన్ మాట నేర్చుకునేటప్పుడు ప్రథమ ఒక్కటే బట్టీపడితే లాభం లేదు, షష్ఠి కూడా పట్టుకోవాలి. తెలుగు నేర్చుకునేవాళ్లకు ‘ఇల్లు’తో పాటు ‘ఇంటి’, ‘ఏరు’తో పాటు ‘ఏటి’ చెప్పాల్సిందే కదా. మిగతా విభక్తులు చాలావరకు ఆ రూపం మీదే నిలుస్తాయి.

ఇంకో ఉచ్చు ‘లిన్ను’. ఎస్తోనియన్‌లో అది పట్నం కాదు, ‘పక్షి యొక్క’, ప్రథమ ‘లింద్’. కానీ కరేలియన్‌లో లివ్వి అనే మాండలికం వాళ్లు ‘లిన్ను’ అంటే పట్నమే. పదాల పట్టిక రాసుకునేటప్పుడు ప్రతి మాట పక్కన భాష పేరు రాయకపోతే పిట్టా పట్నమూ కలిసిపోతాయి.

పోలిక కనిపించిన ప్రతి జంటా జ్ఞాతులు కావన్నది మరవొద్దు. ‘హల్లితుస్’ అంటే ఫిన్నిష్‌లో ప్రభుత్వం, ఎస్తోనియన్‌లో బూజు. మొదటిది ‘పాలించు’ అనే క్రియ నుంచి, రెండోది ‘బూడిద రంగు’ అనే మాట నుంచి పుట్టాయి. కన్నడ ‘ఊట’ (భోజనం) ‘ఉణ్ణు’ నుంచి, మన ‘ఊట’ నీరు ఊరడం నుంచి వచ్చినట్టు. దీనికి ఎదురు ఉదాహరణ ‘పీమ’. ఫిన్లాండ్‌లో పీమ అంటే పులిసిన పాలు, ఎస్తోనియాలో ‘పీమ్’ మామూలు పాలు. ఇవి మాత్రం నిజమైన జ్ఞాతులు. ఫిన్లాండ్ దుకాణంలో కాఫీకి పాలు కావాలంటే ‘మైతొ’ అన్న ప్యాకెట్ తీసుకోవాలి. పీమ పోస్తే కాఫీ విరుగుతుంది.

ఇక టాలిన్. దాన్ని ‘తాని లిన్’, అంటే డేన్‌ల (డెన్మార్క్ వాళ్ల) కోట అని విడదీయడం ఎక్కువమంది ఒప్పుకునే వ్యుత్పత్తి. డెన్మార్క్ రాజు రెండో వాల్డెమార్ 1219లో ఆ చోటును పట్టుకున్నాడు. ఇందులో ‘లిన్’ ఉన్నా ‘నగరం’ చేర్చడం తప్పు కాదు. పేరులో కలిసిన మాట అర్థం వదులుకుని గుర్తుగా మిగులుతుంది. ‘విశాఖపట్నం నగరం’ అని రోజూ రాస్తున్నాం, ఎవరూ పునరుక్తి దోషం పట్టలేదు. స్పెల్లింగు మాత్రం మార్చమని నా సలహా. అక్కడి ఉచ్చారణలో మొదటి అచ్చు హ్రస్వం, ‘ల’కారం ద్విత్వం, మొదటి హల్లు మన ‘ట’ కంటే ‘త’కు దగ్గర. ఇంగ్లీషు మీదుగా వచ్చిన ‘టాలిన్’లో ఈ మూడూ పోయాయి. ద్విత్వాన్ని చక్కగా పలికే భాష మనది, ‘తల్లిన్’ అని రాయడానికి అడ్డేమీ లేదు. మొదటిసారి ‘తల్లిన్ (టాలిన్)’ అని ఇచ్చి, తరవాత ‘తల్లిన్’ అని కొనసాగించండి.